రేపల్లెలో నీరజ పాట, కింది శ్రుతిలో

నేను పదో తరగతి చదివేటప్పుడు మా టేపురికార్డరు నీరజ పాటలతోనే అరిగిపోయింది. సినిమాల జోలికి పోకుండా, సొంత పాప్ పాటల క్యాసెట్లతోనే పేరు తెచ్చుకున్న గాయని ఆవిడ. చాలా ఏళ్లుగా వేదికెక్కలేదు. ఈమధ్య ఆవిడ మేటి పాటలు ఇరవై ఏరి ఒక సంకలనం తెస్తున్నారనీ, ఆవిడ సొంతూరైన నగరం అనే పల్లెకి దగ్గరని విడుదల సభ రేపల్లెలో పెట్టారనీ తెలిసింది. ఆవిడ పాడతారని కూడా ప్రకటనలో రాశారు. ఇక ఆగలేకపోయాను.

హైదరాబాదు నుంచి తెల్లారేసరికి తెనాలిలో దిగాను. స్టేషన్ బయట వేడి ఇడ్లీ, అల్లప్పచ్చడి తిని, ఏడున్నర ప్రాంతంలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కాను. గంట పైచిలుకు ప్రయాణం, టికెట్ పదిహేను రూపాయలే. వేమూరు దాటేసరికి ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడతో మాటలు కలిశాయి. పేరు అంకమ్మ. నిజాంపట్నంలో చేపల వ్యాపారమట, తెనాలిలో కూతుర్ని చూసి వస్తోంది.

"ఎందాకా అమ్మాయ్?"

"నీరజ గారి సభకండి, పిన్నిగారూ."

"నేనూ అక్కడికే! వలలు బాగుచేసుకుంటా ఆ పాటలే పెట్టుకునేవాళ్లం."

స్టేషన్ నుంచి కల్యాణమండపానికి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లాం. పదకొండింటికి సభ మొదలైంది. నీరజ గారు సన్నగా, నెరిసిన జుట్టుతో మైకు ముందుకొచ్చారు. మొదటి పాటకే ఒళ్లు పులకరించింది. అదే గొంతు, ఏమాత్రం మారలేదు! రెండో పాట సగంలో కరెంటు పోయింది. పాట ఆగిపోయింది. ఆవిడ పెదాలు మాత్రం ఇంకో క్షణం కదిలాయి.

ఎవరో "రికార్డా!" అని అరిచారు. నాకు చచ్చేంత కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది దీనికా అని బ్యాగు కూడా భుజానికి తగిలించుకున్నాను.

ఆవిడ వేదిక అంచుకొచ్చి చేతులు జోడించారు. "తప్పయిందండి. గొంతుకి ఆపరేషన్ అయ్యాక పై శ్రుతి అందట్లేదు. మీకు పాత గొంతే కావాలేమో అనుకున్నాను."

నా పక్కనున్న అంకమ్మ లేచి నిలబడింది.

"కింది శ్రుతిలోనే పాడమ్మా! మా గొంతులు మాత్రం అలాగే ఉన్నాయా ఏంటి?"

హాలంతా నవ్వింది. నీరజ గారూ నవ్వి, కళ్లు తుడుచుకుని, మైకు లేకుండానే పాట ఎత్తుకున్నారు. గొంతు కాస్త బొంగురుగా, బరువుగా ఉంది. పైకి లేవాల్సిన చోట ఆవిడ కిందికి దిగారు. చిన్నప్పుడు హుషారుగా ఎగిరిన పాట అది. అందులో ఇంత దిగులుందని నాకు అప్పుడే తెలిసింది. బ్యాగు ఎప్పుడు కింద పెట్టేశానో గుర్తులేదు. కాసేపటికి కరెంటు వచ్చింది. నిర్వాహకులు మళ్లీ రికార్డు పెట్టబోతే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టి, మరో నాలుగు పాటలు అలాగే పాడారు.

మధ్యాహ్నం భోంచేసి, పిట్టలవానిపాలెం మీదుగా బాపట్ల బస్సెక్కాను. దాదాపు గంటన్నర పట్టింది. అక్కణ్ణించి రైలు. సంకలనం కొన్నాను, అందులో అన్నీ పాత గొంతుతో పాడినవే, అన్నీ బాగున్నాయి. కానీ ఆ పాటలు ఇన్నేళ్లు నిలవడానికి ఆ గొంతొక్కటే కారణం కాదని దారంతా అనిపిస్తూనే ఉంది. విన్నవాళ్లం కూడా వాటితోపాటే పెద్దవాళ్లమయ్యాం. ఇలాంటి సభకి వెళ్తే నాదొక్కటే సలహా: ముందు వరుస సోఫాల్లో కాదు, మధ్యలో అంకమ్మలాంటి ఆడవాళ్ల పక్కన కూర్చోండి. పాట అక్కడే బాగా వినిపిస్తుంది.