పక్కన నడిచిన ఆరు నిమిషాలు

కుప్పం దగ్గర గుడుపల్లెలో పుట్టిన రుక్మిణమ్మ ఇరవై ఏళ్లుగా పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో నర్సు. దేవుడికి దండం పెట్టుకోనిదే రిజిస్టరు తెరవదు. ముసలివాళ్లు కనిపిస్తే చెయ్యి పట్టుకోకుండా ఉండలేదు. ఆ అలవాటే ఇప్పుడు ఆమె గుండెలో ముల్లయింది.

పోయిన నెల చౌడేపల్లె బడి వరండాలో పెద్దవాళ్ల గుండె, ఊపిరి ఏపాటి ఓర్చుకుంటాయో చూశారు. పరుగెత్తించి అలసగొట్టే పని లేదు. ముప్పై మీటర్ల ఎడంగా రెండు కుర్చీలు వేసి, ఆరు నిమిషాలు ఎవరి నడకలో వాళ్లను నడవమని, ఎంత దూరం పోయారో రాసుకుంటారు. పాడి ఆవులు పెట్టుకున్న చిన్నప్పకు డెబ్బై మూడేళ్లు. భార్య యశోదమ్మ ఆపరేషన్ బాగా జరిగితే తిరుమల మెట్లెక్కుతానని మొక్కుకున్నాడు, అది బాగానే జరిగింది. ఒక్కడే నడుస్తున్నాడే పాపమని రుక్మిణమ్మ పక్కన చేరి, ఆవుల సంగతులు అడుగుతూ నడిచింది. నాలుగు వందల ఇరవై మీటర్లు! ఆ అంకె చూసే డాక్టరు మెట్లెక్కవచ్చన్నాడు.

నిన్న మదనపల్లె శిక్షణలో చెప్పారు, పరీక్ష పెట్టేవాళ్లు పక్కన నడవకూడదని. వాళ్లతో అడుగు కలపబోయి పెద్దవాళ్లు శక్తికి మించి నడుస్తారట. రుక్మిణమ్మకు అన్నం సయించలేదు. చిన్నప్ప ప్రయాణం రేపే.

పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చి అతని ముందు నిలబడింది.

"తప్పు నాదప్పా. మళ్లా నడవల్ల."

"యాలమ్మా, పాసైనాను గదా!"

"నేను పక్కన లేకుంటే అంత బిరబిరా నడిచేవాడివా?"

చిన్నప్ప తల గోక్కున్నాడు. "ఆడమనిషి పక్కన నడస్తాంటే నేను యెనకబడేదా? రొమ్ములో పట్టేసినట్లే ఉండె. నువ్వు మాట్లాడతాంటివి, నిలబడితే బాగుండదని…"

రుక్మిణమ్మ అతన్ని బడికి తీసుకెళ్లింది. మళ్లీ అదే వరండా, అవే కుర్చీలు. ఈసారి ఆమె కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. చిన్నప్ప రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. రెండు వందల నలభై. ఫోన్లో డాక్టరు మెట్లు వద్దన్నాడు, ముందు మదనపల్లెకు వచ్చి గుండె చూపించుకోమన్నాడు.

చిన్నప్ప మొహం వాడిపోయింది.

"మొక్కింది నాకోసరమే గదా," అంది వెంట వచ్చిన యశోదమ్మ. "డాక్టరు సరేనన్నాక బస్సులో పోదాం. బస్సెక్కినోళ్లను స్వామి తరిమేస్తాడా?"

రుక్మిణమ్మ రిజిస్టరులో పాత అంకె కొట్టేసి, 'నేను పక్కన నడిచినందువల్ల తప్పు' అని రాసి సంతకం చేసి లేచింది. అక్షరాలు మసకబారాయి.

చిన్నప్ప ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కూసోమ్మా. బస్సు దిగినప్పటి నుంచి సూస్తాండా, నీకే ఆయాసంగా ఉండాది."