ఏకైక సంతానం కాదు, నాలుగో బిడ్డ

నిన్న పొద్దున నేను పాఠాలు చెప్పే స్కూల్‌కి బయల్దేరుతుంటే మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో పుల్లయ్య సార్ ఫోటో వచ్చింది. పుట్టినరోజేమో అనుకుని "హ్యాపీ" అని టైప్ కూడా చేశాను.

ఫోటో కింద చూస్తే అన్నీ దండం పెట్టే బొమ్మలు.

బ్యాగ్ పక్కన పడేసి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

చిలకలూరిపేటలో మాకు స్టాటిస్టిక్స్ చెప్పింది ఆయనే. కాలేజీ పక్కనే జిన్నింగ్ మిల్లు. దూది పింజలు కిటికీలోంచి ఎగిరొచ్చి ఆయన క్రాపులో చిక్కుకునేవి. ఆయన దులుపుకునేవారు కాదు. మేము నవ్వు ఆపుకునేవాళ్ళం కాదు.

పేరు మీద కూడా ఏడిపించాం. ఆయన లెక్క మధ్యలో ఒక్క క్షణం ఆగితే చాలు, "పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చాడ్రోయ్" అని వెనక బెంచీ నుంచి ఎవరో ఆ సామెత విసిరేవారు.

ఒకరోజు చాక్‌పీస్ పక్కన పెట్టి, "నాకీ పేరు ఎందుకు పెట్టారో మీలో ఎవరికన్నా తెలుసా?" అన్నారు.

ఆయన కంటే ముందు వాళ్ళమ్మకి ముగ్గురు పుట్టి పోయారట. నాలుగోవాడైన ఈయన్ని పుట్టగానే పుల్లాకుల మీద, అంటే తిని పారేసిన ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించి, ఎవరికీ అక్కర్లేని బిడ్డ అన్నట్టు పుల్లయ్య అని పిలిచారు. అప్పుడు చావు కూడా అటు చూడకుండా పోతుందని నమ్మకం. పెంటయ్య, పెంటమ్మ పేర్లూ అంతేనట.

ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఆ వారమే ప్రాజెక్ట్ ఇచ్చారు. ఒక ఊరి పాత ఓటర్ల లిస్టూ కొత్త లిస్టూ పక్కపక్కన పెట్టి ఆ పేర్లు వెతకమన్నారు. పాతదాంట్లో కొల్లలు. కొత్తదాంట్లో ముసలివాళ్ళలో తప్ప లేవు. పిల్లలు బతకడం మొదలయ్యాక తల్లులు ఆ పేర్లు మానేశారని మేము తేల్చేశాం.

"పేర్లు ఫ్యాషన్ వల్ల కూడా మారతాయి. ఇంటింటికీ పోయి అడిగితేనే లెక్క," అని మమ్మల్ని ఆ ఊరికి తీసుకెళ్ళారు.

మిరప కల్లంలో ఒక మామ్మ కాయలకి తొడిమలు తీస్తోంది. ఘాటుకి తుమ్ముతూనే అడిగాను, "పిల్లలెంతమంది మామ్మా?"

"ఇద్దరే అమ్మాయ్."

రాసేసుకున్నాను. మా బ్యాచ్ అంతా అలాగే రాసుకున్నాం.

సార్ వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నారు. "ఎంతమందిని కన్నావమ్మా?"

ఆవిడ చేతులు ఆగాయి. "ఐదుగుర్ని నాయనా."

ముగ్గురి సంగతీ చెప్పింది. ఒకడు జ్వరంతో, ఒకడు విరేచనాలతో. ఆడపిల్ల ఎందుకు పోయిందో ఆవిడకీ తెలీదు. తర్వాత పక్కనున్న ముసలివాళ్ళు ఎవరూ అడక్కుండానే తమ వాళ్ళని చెప్పుకొచ్చారు. వాళ్ళలో ఒక్కరినైనా పోగొట్టుకోని తల్లి లేదు.

తిరిగొస్తుంటే నన్ను తిట్టారు. "మన ఆడవాళ్ళు పోయిన బిడ్డని లెక్కలో చెప్పరు. నీకు అడగడం రాకపోతే పాతకాలం బంగారంలా కనపడుద్దమ్మాయ్!"

పరీక్షలో రాసి మర్చిపోయాను.

పెళ్ళయ్యాక మా మొదటి పాప తొమ్మిది రోజులు బతికింది.

ఇరవై ఒకటో రోజున పేరు పెడదామనుకున్నాం. పేరు లేకుండానే వెళ్ళిపోయింది. తర్వాత బాబు పుట్టాడు. ఇక మర్చిపో అన్నారందరూ. నా మంచికే అన్నారు. మా ఆయన ఇప్పటికీ ఆ మాట ఎత్తరు.

మా నాయనమ్మ కాలంలో అయితే అరుగు మీద కూర్చుంటే నాలాంటివాళ్ళు నలుగురు దొరికేవాళ్ళు. నా కాలానికి పసిపిల్లల చావుల రేటు బాగా పడిపోయింది. మంచిదే. చాలా మంచిది. కానీ మా వీధిలో నేనొక్కదాన్నే మిగిలాను.

ఎవరడిగినా "ఒక్కడే" అంటూ వచ్చాను.

ఆరేడేళ్ళ కిందట సార్ నరసరావుపేటలో మా ఇంటికొచ్చారు. కాఫీ తాగుతూ మామూలుగా అడిగారు, "ఎంతమందిని కన్నావమ్మాయ్?"

"ఇద్దర్నండి."

అన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

కప్పు కింద పెట్టి అంతా విన్నారు. ఓదార్చలేదు. "ఎవరి పోలిక?" అని మాత్రం అడిగారు. నన్నెవరూ అడగని ప్రశ్న అది. మా అమ్మ పోలిక, గడ్డం మీద సొట్ట కూడా ఉండేదని చెప్పాను. చెప్పి బాగా ఏడ్చాను.

అప్పట్నుంచి ఏటా పాప పుట్టినరోజున ఫోన్ చేసేవారు. పోయిన ఏడాది, "పాపకి ఇరవై రెండు నిండాయి కదమ్మాయ్," అన్నారు. ఆ రోజు గుర్తున్నది లోకంలో ఆయనొక్కరికే.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఆయన ఫోటో కింద, తల్లిదండ్రుల పేర్లు వేసి "ఏకైక సంతానం" అని ఉంది.

వాళ్ళబ్బాయితో చెప్పబోయాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నాడు. ఆ మనిషికి లెక్కలేం చెప్తాం? నోరు మూసుకుని వచ్చేశాను. బస్సులో దారంతా అదే బాధ. ఆయన్ని తప్పు లెక్కతో సాగనంపేశాం.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. సార్ ఏకైక సంతానం కాదు. నలుగురిలో నాలుగోవారు.

దిద్దాల్సింది నా దగ్గర ఇంకోటి ఉంది. ఇది పోస్ట్ చేసే ముందు, హాస్టల్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేసి, "నువ్వు నాకు రెండో బిడ్డవి రా," అని చెప్పాను.

గది తలుపు వేసుకున్న చప్పుడు వినపడింది. తర్వాత,

"అక్కా, అన్నా?" అన్నాడు.

అక్క రా నాన్నా.

సార్, ఈసారి పాప పుట్టినరోజుకి ఎవరు ఫోన్ చేస్తారో తెలీదు. మీరు మాత్రం మీకంటే ముందెళ్ళిన ఆ ముగ్గురి పక్కన ప్రశాంతంగా కూర్చోండి.

మా పాప అక్కడెక్కడైనా కనపడితే, గడ్డం చూసి గుర్తుపట్టండి.