తెర అడుగున పోయే లైను

మా కేబుల్ సాయిబు గారు పోయిన సంగతి నాకు మంగళవారం పొద్దున ఇడ్లీ బండి దగ్గర తెలిసింది. ఆదివారమే పోయారట, ఖననం కూడా అయిపోయిందట. వట్లూరులో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులే.

మా కాలనీలోనే కాదు, అటు పవర్‌పేట దాకా ఇంటింటికీ కేబుల్ ఇచ్చింది ఆయనే. సినిమాల సంగతి ఎలా ఉన్నా, ఆయన సొంత చానల్లో తెర అడుగున పోయే లైను కోసం అందరం చూసేవాళ్ళం. రేపు కుళాయి రాదని, ఎవరిదో గేదె తప్పిపోయిందని, ఫలానావారు కాలం చేశారని. చావు కబురు మాత్రం ఫోన్లో రాసుకునేవారు కాదు, మోపెడ్ మీద ఇంటికే వచ్చేవారు. మా నాన్న పోయినప్పుడూ అంతే. చెప్పులు గేటు బయట విడిచి, జేబులోంచి చీటీ తీసి, "ఇంటిపేరుతో చెప్పండి మాస్టారూ. ఎత్తే టైం కూడా సరిగ్గా చెప్పండి. చివరిచూపు దక్కాలి కదండీ," అన్నారు. ఆ లైను చూసి పవర్‌పేట నుంచి నాన్న స్నేహితుడొకాయన సగం గీసిన గడ్డంతో పరుగున వచ్చారు. ఆయనకు ఆ చూపు దక్కించినందుకు సాయిబు గారికి నేనెప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు.

ఒకసారి పెళ్ళి శుభాకాంక్షల్లో పెళ్ళికూతురి తండ్రికి, నిక్షేపంలా ఉన్న మనిషికి, అలవాటులో 'కీర్తిశేషులు' తగిలించేశారు. ఆ సాయంత్రమే స్వీటు పొట్లంతో వెళ్ళి క్షమాపణ అడిగారు. వాళ్ళు ఇప్పటికీ తలుచుకుని నవ్వుతారు.

తర్వాత ఫైబర్ వచ్చింది. ఏజెన్సీ ఆయనే తీసుకుని, సన్నటి తీగ ఇంటింటికీ ఆయనే లాగారు. మా ఇంట్లో పెట్టె బిగిస్తూ, "ఇందులో మన చానల్ రాదండీ. పాత వైరు కూడా ఉంచమంటారా?" అని అడిగారు.

"ఇంకా ఎవరు చూస్తారండీ," అన్నాను. నాకు క్లాసుకు టైమవుతోంది.

"అదీ నిజమేలెండి," అని నల్ల వైరు కత్తిరించి, మా ఆవిడ బట్టలారేసుకోవడానికి దొడ్లో కట్టి వెళ్ళారు. నెట్ మాత్రం బాగా వస్తుంది, ఆ మాట చెప్పుకోవాలి.

ఆ మంగళవారమే వాళ్ళింటికి వెళ్ళాను. "కబురు తెలియలేదమ్మా," అన్నాను వాళ్ళమ్మాయితో. సిగ్గేసింది.

"నేనే టైపు చేసి వేశాను మాస్టారూ. నాన్నగారైతే వేసేవారు కదండీ. పాత వైరు ఇప్పుడు మా టీవీకొక్కదానికే ఉందండీ."

టీవీలో సౌండు లేదు. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పకుండా, ఆయన పేరు కుడివైపు నుంచి వచ్చింది. అంతిమయాత్ర ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు. లైను ఎడమవైపు వెళ్ళిపోయి, మళ్ళీ కుడివైపు నుంచి వచ్చింది.