చేప, చీజు, మా అమ్మ

నాకు బొల్లి ఉంది. ముందుగాలే చెప్పేస్తున్న, మళ్ల ఇంకెవరో చెప్తె బాగుండదు. మోచేతుల మీద, మెడ మీద, మూతి పక్కన తెల్లమచ్చలు. నాకైతె వాటితోని పేచీ లేదు. ఆఫీసుల కొత్తగొచ్చినోళ్లు ఫైలు నా చేతికియ్యకుండ టేబుల్ మీద పెట్టి జరిగితె, కావాలని పిలిచి మరీ షేక్‌హ్యాండిస్త. పెండ్లి చూపులకొచ్చినోళ్లు నా మొహం కంటె చేతులే ఎక్కువ చూసి పోయిండ్రు. పెట్టిన మిర్చీ బజ్జీలు మాత్రం ఒక్కటి మిగల్చలే. పేచీ అంత మా ఇంట్లనే, అది కూడ చేపలతోని.

తీర్పు ఇచ్చింది మా అవ్వ, నాయిన తల్లి. మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగం అంటం. ఆ రోజు చేప తినకపోతె మనిషి పుట్టుకే కాదన్నట్టు చూస్తరు మా దిక్కు. నా చిన్నప్పుడు ఒక మిరుగం నాడు ఇంటిల్లిపాది చేపలు తిన్నం. పండుకునే ముందు నేను ఏడుస్తుంటె అమ్మ పాలు తాపింది. కొన్నాళ్లకు నా మోచేతి మీద తెల్లమచ్చ లేచింది. చేప తిన్న కడుపుల పాలు పోసి పిల్లను ఖరాబు చేసినవని అవ్వ అన్నది. ఒక్కసారి అని ఊకుంటె అయిపోతుండె. ఇంటికి చుట్టమొచ్చినప్పుడల్లా నా చెయ్యి గుంజి చూపెట్టి మరీ అన్నది. ఆమె సచ్చేదాక అదే డ్యూటీ.

అమ్మ ఎదురు చెప్పలే. ఆనాటి నుంచి చేప ముట్టలే. మా అందరికి వండి పెట్టి, తను మాత్రం పచ్చిపులుసు పోసుకొని తినేది. అడిగితె వాసన పడదనేది. ఉత్తదే. బొచ్చె ముక్కలు నూనెల వేగుతుంటె ఆమె గుటకలు మింగుడు నేను చూసిన. చేపలు వండిన నాడు పెరుగు గిన్నెను బట్టల బీరువల పెట్టి తాళమేసేది. నా లంగాఓణీలు పుల్లటి వాసనొచ్చినా ఆమెకు ఫికర్ లే.

తెలంగాణ వచ్చిన కొత్తల నాకు కల్వకుర్తి నుంచి నల్లగొండకు బదిలీ అయింది. అప్పటికి నాయిన పోయిండు. అమ్మను నాతోనే తెచ్చుకున్న. ఇక్కడ చర్మం డాక్టరు దగ్గరికి తీస్కపోయి ఆమె ముందల్నే అడిగిన. తిండికి దీనికి సంబంధమే లేదు, ఎవరు ఏం పెట్టినందుకు కాదు, ఒంట్లనే తిరకాసు జరిగి రంగు పోతదని ఆయన ఓపిగ్గ చెప్పిండు. అమ్మ బుద్ధిగ తలూపింది. ఆటోల కూసున్నంక, పిలగాడు మంచోడే గని మన మనసు కష్టపెట్టొద్దని గట్ల అన్నడన్నది. నేను నెత్తి కొట్టుకున్న.

నిరుడు ఎదురింటి ఆపా నాకొక చేప డబ్బ ఇచ్చింది. ఆమె మొగడు సౌదీల నౌకరి చేస్తడు, సెలవుకొచ్చినప్పుడు తెచ్చిండు. ట్యూనా అంట. చీజుతోని బ్రెడ్డు మధ్యల పెట్టి పెనం మీద కాల్చుకో, జర మిరియాలు దంచి ఏసుకో, మస్తుంటది అని చెప్పింది. చేప, దాని మీద చీజు. వినంగనే మా అవ్వ యాదికొచ్చి నవ్వాగలే. ఇదే వండాలె, అమ్మకు పెట్టాలె, ఆ పాత పంచాయితి తెగిపోవాలె అనుకున్న.

రెండో శనివారం, ఆఫీసు లేదు. పగటి అన్నానికి బదులు ఇదే అని చెప్పి డబ్బ మూత గుంజిన. అమ్మ ముక్కుకు కొంగడ్డం పెట్టుకొని వచ్చింది. ఉప్పు, పసుపు ఏసి కడగాలె అన్నది. ఇది ఉడికిన చేప, కడిగితె మొత్తం మోరీల పోతదన్న. కడగని చేప తినుడేందని ఆమె గిన్నె గుంజుతది, నేనియ్య. తల లేదు, తోక లేదు, ఒక్క ముల్లు లేదు, ఇది చేపనే అని నీకెవరు చెప్పిండ్రే అని అడిగింది. డబ్బ మీద బొమ్మ చూపెట్టిన.

నూనె వంచేసి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర సన్నగ తరిగి కలిపిన. మిరియాలు దంచి ఏసిన, నిమ్మకాయ పిండిన. బ్రెడ్డుకు వెన్న రాసి, మధ్యల చేప, దాని మీద చీజు బిళ్ల పెట్టి పెనమెక్కించిన. మంచిగ అదమాలని పైన నీళ్ల చెంబు పెట్టిన. చీజు కరిగి అంచుల నుంచి కారి సుయ్యిమన్నది.

గా పసుపుపచ్చటిదేందని అమ్మ అడిగింది. శెనగపిండి అంటె నమ్మేదే. గని నాకు అబద్ధమాడ బుద్ధి కాలే. చీజు, పాలతోని చేస్తరు అన్న.

ఆమె మొహంల నెత్తురు చుక్క లేకుంటయింది. నేను రెండు సాండ్‌విచ్‌లు ప్లేట్ల పెట్టుకొని వచ్చి కింద కూసున్న. నీకొకటి నాకొకటి, ఏమైతదో ఇయ్యాల చూద్దామన్న. కోపంగనే అన్న. ఎవరి మీదనో కోపం, ఆమె మీద పడ్డది. అమ్మ వచ్చి నా పక్కన కూసొని, నేను నోటిదాక తెచ్చుకున్నదాన్ని గుంజుకొని కొరికింది. అదయినంక రెండోది తీస్కుంది. నోరు కాలుతుంటె హా హా అనుకుంట, కండ్లల్ల నీళ్లు కారుతుంటె, రెండూ తిన్నది.

"నాదెందుకు తిన్నవే అమ్మా?"

"వస్తె నాకు రానీ. నీకున్నయి సాలు."

 పొద్దటి ఉప్మా మిగిలుంటె అదే తిన్న.

ఆ నాటి నుంచి అమ్మకు కొత్త పని దొరికింది. రోజూ తానం చేసినంక బాల్కనీల ఎండకు నిలబడి మోచేతులు, మోకాళ్లు తిప్పి తిప్పి చూసుకునుడు. మీ అమ్మకు గజ్జి లేచిందా అని ఆపా నన్ను పక్కకు పిలిచి అడిగింది. వానలు పోయి చలి వచ్చింది. ఒకనాడు చర్మం పగిలి తెల్లగ గీతలు పడితె, వచ్చింది, వచ్చిందని ఇల్లు లేపింది. కొబ్బరినూనె రాస్తె పోయినయి.

చలి తగ్గినంక ఒక ఐతారం పొద్దున నా మంచం కాడికి వచ్చి, రెండు చేతులు నా మొహం ముందల సాపింది. ఏం రాలే అన్నది. రాదని వెయ్యిసార్లు మొత్తుకున్న గదా అని నిద్రమొహంతోనే కసిరిన. ఆమె నా మాట వినే తీరుల లేదు.

"అయితె, నీకు అది నేను చెయ్యలే గదనే?"

ఏడుస్తున్నది. నేను లేచి పట్టుకున్న. నువ్వు చెయ్యలే అమ్మా, ఎవ్వరు చెయ్యలే అన్న. డాక్టరు మాట, నా చదువు, ఏదీ పనికి రాలే. తన ఒంటి మీద చూసుకుంటె గని ఆమె నమ్మలే. నాకు కూడ ఏడుపొచ్చింది.

మొహం తుడుచుకొని, మార్కెట్లకు పోయి బొచ్చె తెమ్మన్నది. తెచ్చిన. ఆమెనే పులుసు పెట్టింది. పగటిపూట అన్నం, చేపల పులుసు, పెరుగు అన్ని తీస్కపోయి, ముందర్రూంల గోడకున్న అవ్వ పటం కింద కూసున్నది. పెరుగన్నంల చేప ముక్క పెట్టుకొని, అవ్వ మొహం దిక్కే చూసుకుంట, తీరిగ్గ నమిలి తిన్నది.