దేశాన్ని తిట్టిన నవల మీద విచారణ

2014 మే నెలలో నేను శ్రీకాకుళం జిల్లా స్పెషల్ బ్రాంచిలో ఎస్సైని. ఎవరు ఎక్కడ ఏం మాట్లాడుతున్నారో గుట్టుగా కనుక్కుని పైకి రాయడం మా పని. నౌపడ అవతల ఒక మత్స్యకారుల ఊరి నుంచి ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. అక్కడి బడిలో తెలుగు మాస్టారు జనానికి దేశద్రోహం నూరిపోస్తున్నాడని ఫిర్యాదు. నా రిపోర్టు వ్యతిరేకంగా వెళ్తే ఆయనకు సస్పెన్షన్ ఖాయం.

మఫ్టీలో వెళ్లాను. వేట నిషేధం రోజులు. మగవాళ్లు పాకలో వలలు బాగుచేసుకుంటుంటే మాస్టారు ఏదో పాత నవల చదివి వినిపిస్తున్నారు. అందులో రాజు వెళ్లగొట్టిన సైనికుడొకడు పొలిమేర దాటుతూ కన్న నేలను నోటికొచ్చినట్టు తిట్టాడు. వలల మీద చేతులు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. ఇంత మాట విని ఒక్కడూ అడ్డు చెప్పడేమని అందరి మొహాలూ అనుమానంగా చూశాను. ఆ తిట్టు పొల్లుపోకుండా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిగతాది రేపన్నారు మాస్టారు. నాకు రేపటితో పని లేదనుకున్నాను.

బండి తీస్తుంటే ఎర్రయ్య వెంట వచ్చాడు. వేటలో సరిహద్దు దాటి, పరాయి దేశం జైల్లో రెండేళ్లు ఉండి వచ్చినవాడు. నెలకోసారి అతన్ని ఆఫీసుకు పిలిచి ప్రశ్నించే డ్యూటీ నాదే, కాబట్టి నా మఫ్టీ అతని దగ్గర చెల్లలేదు.

“మేస్టారి తప్పేటీ లేదు, ఆ ఉత్తరం నానే రాయించాను బాబూ. పోయిన నెల బడికాడ ఆయన ఈ తిట్టే సదువుతుంటే ఇన్నాను. నా సంగతి మేస్టారికి ఎవులు సెప్పీసారో అని బయమేసి, ఆ సదువు ఆపించాలనుకున్నాను.”

ఏ సంగతని అడిగాను.

“జైల్లో ఉన్నన్నాళ్లూ మనోళ్లెవులూ రాలేదు. కోపమొచ్చి నానూ అలాగే తిట్టాను. అక్కడ దేశం మీద ఏటన్నావని మీరడిగినప్పుడల్లా, ఏటీ అన్లేదని అబద్దం సెప్పాను. ఇప్పుడు నన్నట్టుకెల్పోతారా?”

మరి తిరిగెందుకొచ్చావన్నాను.

“అదేటి బాబూ! ఇంకెక్కడికెల్తాను? ఇది నా ఊరు కాదేటి?”

మర్నాడు వెళ్లి నవల చివరిదాకా కూర్చున్నాను. ఆ సైనికుడు శత్రురాజు కొలువు కాదని, పరాయి ఊళ్లో పస్తులతో పోయాడు. మాస్టారి మీద చర్య అనవసరమని రాశాను. ఎర్రయ్య చెప్పింది ఏ కాగితం మీదా పెట్టలేదు. రూలు ప్రకారం అది తప్పే.

అనుమానించడం మా ఉద్యోగం, దానికి నేను సిగ్గుపడను. కాని ఆ ఉత్తరం రాయించిన భయం, నెలనెలా పిలిచి అడిగి నేను పెట్టినదే. దేశం మీద ఏమన్నావనే ఆ ప్రశ్న రిటైరయ్యేదాకా ఇంకెవరినీ అడగలేదు.