నిద్రలో లేపిన కుండ

మా తమ్ముడు ఎర్రప్ప భార్య మారెక్క ఎవరొచ్చి ఏమడిగినా లేదనడం చేతకాని మనిషి. ముదిగుబ్బ పక్క పల్లె నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన నాటి నుంచీ అంతే. చాట అడిగితే చాట, రోకలి అడిగితే రోకలి. ఇచ్చినది తిరిగొచ్చిందా లేదా అని అడగడానికి కూడా ఆమెకు సిగ్గు. నేను భర్త పోయాక పుట్టింటికి చేరి వాళ్ళతోనే ఉంటున్నాను కాబట్టి, ఆ చాటల కోసం, రోకళ్ళ కోసం ఇల్లిల్లూ తిరగడం నా వంతయింది.

"నీ ఇంటికి దొంగలు కూడా రారే" అనేదాన్ని.

"యాల వస్తారు వదినా, అడిగితే ఇచ్చేదానికి దొంగతనం యాల?" అని నవ్వేది. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండేది.

మేము ఈడిగవాళ్ళం. శింగనమల చెరువు కింద ఉన్న ఈతవనంలో కల్లు గీయడం మా తాతల నాటి పని. బస్సులు పోయే బాట పక్కన కొట్టం వేసి అంగడి పెట్టుకున్నాం. కల్లు ఏడాది పొడుగునా ఒకటే అనుకునేవాడికి నాలుక లేదని అర్థం. చలి మొదలైన కొత్తలో దిగే ఈతకల్లు పాలలాగా తెల్లగా, తియ్యగా ఉంటుంది. మాఘంలో కొంచెం ఘాటెక్కుతుంది. శివరాత్రి దాటి ఎండ ముదిరిందంటే పులిసి గొంతు గీరుతుంది, అప్పుడు తాగేవాళ్ళు రుచి కోసం తాగరు. అందుకే కార్తీకంలో మొదటి కల్లు దించే రోజుకు అంత గిరాకీ. కొత్తకల్లు దినం అనేవాళ్ళం దాన్ని. గార్లదిన్నె వైపు నుంచి సైకిళ్ళ మీద జనం వచ్చేవాళ్ళు. గొర్లవాళ్ళు మందను కట్ట మీద వదిలేసి వచ్చి కూర్చునేవాళ్ళు. పొద్దు కాస్త పైకెక్కేసరికి మా కొట్టం ముందు తిరునాళ్ళే.

ఆ కల్లుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. కాలం ముగిశాక కుండలన్నీ కడిగి, లోపల సున్నం పూసి, ఇంటి వెనక చూరు కింద ఇసకలో బోర్లిస్తాం. కుండలు నిద్రపోతున్నాయి అంటాం. మళ్ళీ కార్తీకంలో ఎల్లమ్మ ముందు దీపం పెట్టి లేపేదాకా వాటిని ఇంటివాళ్ళు కూడా తాకరాదు. బయటివాళ్ళ చేతికి అసలే పోరాదు. లేపిన తర్వాత మళ్ళీ సున్నం పూసి, గడ్డి పొగ చూపించి చెట్లకు కడతాం.

కొత్తకల్లు దినాన దించిన కల్లంతా ఒకే బానలో పోస్తాం. అందులోంచి ఒక చెంబు ఎల్లమ్మ రాయి మీద పోసి, తర్వాత మొదటి ముంత చెట్టెక్కినవాడే తాగాలి. అందరి ముందరా నిలబడి, ఆపకుండా తాగాలి. తాగి త్రేన్చాలి. వాడు త్రేన్చేదాకా ఎంత పెద్ద రెడ్డి వచ్చినా చుక్క పోసేది లేదు. చెట్టెక్కినవాడి కడుపు ఒప్పుకున్న కల్లే ఊరికి పోయాలని మా నాయన చెప్పేవాడు.

నేను చెప్పబోయేది ఎనభయ్యో సంవత్సరం సంగతి. వానలు ముందు నమ్మించి శనక్కాయ వేయించాయి, తర్వాత మొహం చాటేశాయి. మొలిచిన కాస్త పైరుకు గొంగళిపురుగు పట్టింది. చెరువు నెర్రెలు విచ్చింది. ఈతచెట్లు సైతం కల్లు పిసినారితనంగా ఇస్తున్నాయని, ఉన్న కుండల్లో ఒక్కటి కూడా మిగల్చకుండా అన్నీ కట్టేశాడు మా తమ్ముడు.

ఆ పొద్దున జనం ఎప్పటికంటే ఎక్కువ వచ్చారు. చేన్లలో పని లేదు కదా, ఇంకెక్కడికి పోతారు. ఎర్రప్ప కల్లు దించుకొచ్చి బానలో పోశాడు. ఎల్లమ్మకు పోశాడు. మారెక్క కొత్త రవిక వేసుకుని, బాన పక్కన పీట మీద కూర్చుని, ముంచి పోసే ముంతను ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఎర్రప్ప తన ముంత ఎత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని నిలబడ్డాడు. త్రేన్పు రాలేదు.

"ఏమప్పా ఎర్రప్పా, ముహూర్తం పెట్టించినావా ఏమి త్రేన్పుకు?" అన్నాడు కూలి పనులకు పోయే యేసన్న.

"పొద్దున తిన్న ముద్ద అడ్డం పడినట్టుండాది. ఎవరన్నా ఈపున ఒకటి గుద్దండప్పా" అన్నాడు గొర్ల తిప్పయ్య.

"నీ గొర్రెను గుద్దుకోపో" అన్నాడు మా తమ్ముడు. అందరూ నవ్వారు.

అందరికంటే ముందు గురప్ప కూర్చున్నాడు. మా పక్కింటి రైతు. మంచివాడే, కానీ నోరు ఊరికే పెట్టుకుని కూర్చోలేడు, ఎవరినో ఒకరిని పొగుడుతూ ఉండాలి. ఆ రోజు జనం గోలలో మారెక్క వైపు వంగి మా కుండల్ని పొగిడాడు.

"మారెక్కా, కుండలంటే మీవేనమ్మా. నువ్విచ్చినదాంట్లో ఎండ్రిను కలుపుకోని చేనంతా కొట్టినా. ఒక్క చుక్క కారలేదు."

ఎండ్రిన్ అంటే మా పల్లెల్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. శనక్కాయ పురుగును చంపడానికి వచ్చి, పురుగుల కంటే మనుషులనే ఎక్కువ తీసుకుపోయిన మందు అది. కోడలు అలిగినా అదే, పైరు ఎండినా అదే. ఆ సీసా వాసన ఎరగని ఇల్లు లేదు.

మారెక్క మొహంలోకి చూశాను. సున్నం కొట్టిన గోడలా ఉంది.

"ఏ కుండప్పా?" అంది. గొంతు నాకే సరిగా వినపడలేదు.

"అదేలేమ్మా, శ్రావణంలో తీసకపోయినా గదా."

"మళ్ళా యాడ పెట్టినావు?"

"యాడ తీసినానో ఆడనే. నువ్వు ఇంట్లో లేవు, ఎనక చూరు కింద బోర్లిచ్చి పోయినా. ఊరికే పెట్టలేదు తల్లీ, ఇసకేసి తోమి, ఎండకు ఆరబెట్టి తెచ్చినా."

తన మర్యాదకు తనే మురిసిపోతూ చెప్పాడు. చెబుతుండగానే అతనికీ ఏదో తట్టింది. బాన వైపు చూశాడు, నోరు తెరిచినవాడు మూయలేదు.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు త్రేన్చాడు. జనం హో అన్నారు. చెంబులూ ముంతలూ ఒక్కసారిగా ముందుకు వచ్చాయి. "పొయ్యి మారెక్కా, పొయ్యి" అని ఒకరి మీద ఒకరు పడ్డారు.

మారెక్క లేచింది. పోయలేదు. బానకు భుజం ఆనించి, పళ్ళు బిగించి, కుదురు మీద నుంచి దాన్ని తోసేసింది. కల్లంతా వాకిట్లోకి పారింది, కూర్చున్నవాళ్ళ పంచెలు తడిశాయి. కొత్తకల్లు దినాన ఎల్లమ్మకు పోసిన కల్లు నేలపాలైంది. ఎవడో బూతు తిట్టాడు. మా తమ్ముడు చెయ్యెత్తి ఆమె మీదకు వచ్చాడు. పెళ్ళయినాక ఆమె మీద అతను చెయ్యెత్తడం నేను చూడలేదు.

"నీకేమన్నా దయ్యం పట్టిందా?"

"ఎండ్రిను కుండ కలిసిపోయింది మామా" అంది మారెక్క. "గురప్ప మందు కలిపిన కుండ మన కుండల్లో ఉండాది. చెట్టుకు కట్టినావు. దాంట్లో కల్లు దీంట్లో పోసినావు." కొంచెం ఆగి, ఎవరికీ చెప్పకూడని మాట చెప్పినట్టు, "నువ్వు తాగినావు" అంది.

ఎత్తిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

ఏ చెట్టుకు కట్టిన కుండో ఎవరు చెప్పగలరు? అన్నీ ఒకే కుమ్మరి చేసినవి, అన్నిటికీ ఒకే సున్నం, ఒకే పొగ. వాసన చూద్దామంటే కల్లు వాసన తప్ప ఏమీ లేదు.

"బాగా కడిగినానప్పా" అన్నాడు గురప్ప. అతని గొంతు ఏడుస్తున్నట్టుంది.

"మట్టికుండ తాగినదాన్ని మళ్ళా ఇస్తాదా?" అన్నాను నేను. "నువ్వు కడిగింది పైపైన. లోపల అది తాగి కూచోనుండాది."

ఎర్రప్ప పీట మీద కూర్చున్నాడు. "నాకేం కాలేదు. గమ్మునుండండి" అన్నాడు. అంటూనే తన చేతులు తిప్పి చూసుకున్నాడు. అతనికి చెమట పడుతోంది. అది మందు చెమటా, భయం చెమటా అని నేను ఎంత చూసినా తేల్చుకోలేకపోయాను.

అప్పుడు తిప్పయ్య, "ఈగల్ని చూడండప్పా" అన్నాడు. వాకిట్లో గుంటలు కట్టిన కల్లు మీద ఈగలు ముసిరాయి. పెద్దపెద్ద మనుషులు, ఇంతసేపూ తాగడానికి తోసుకున్నవాళ్ళు, మోకాళ్ళ మీద వంగి ఈగలు బతుకుతాయా చస్తాయా అని చూస్తూ కూర్చున్నారు. ఒకటి తిరగబడి కాళ్ళు కొట్టుకుంది. "చచ్చింది" అన్నారు. కల్లు తాగిన ఈగ ఎప్పుడు తిన్నగా నడిచింది? అది కాసేపటికి లేచి ఎగిరిపోయింది. ఇంకొకటి లేవలేదు. ఎవరిదో కోడి వచ్చి గుంటలో ముక్కు పెట్టింది. దాన్ని ఎవరూ అదిలించలేదు. అది నాలుగడుగులు వేసి పక్కకు ఒరిగింది. అందరూ మా తమ్ముడి వైపు చూశారు. ఆ చూపును నేను జన్మలో మరిచిపోలేను. పాడె మీద ఉన్నవాణ్ణి చూసే చూపు అది. ఎర్రప్ప తల దించుకున్నాడు.

మారెక్క ఈగల్నీ చూడలేదు, కోడినీ చూడలేదు. కుంకుడుకాయలు రాతితో చితక్కొట్టి, రసం తీసి, చెంబుతో తెచ్చింది. "తాగు" అంది. అతను మొహం తిప్పుకున్నాడు. జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచి, నురగతో సహా నోట్లో పోసింది. ఇంకొకరి మాట కాదనలేని మనిషి ఆ పూట మొగుడు వద్దు వద్దంటున్నా వినలేదు. అతను కక్కాడు. మళ్ళీ పోసింది. మళ్ళీ కక్కాడు. పచ్చటి నీళ్ళు తప్ప ఇంకేమీ రావడం లేదని తేలాక చెంబు కింద పెట్టింది.

అనంతపురం బస్సు రాగానే గురప్ప నా తమ్ముణ్ణి వీపున వేసుకుని ఎక్కించాడు. అతన్ని బస్సు దిగి పొమ్మని నేను ఎంత తిట్టినా దిగలేదు, మెట్ల దగ్గరే తల పట్టుకుని కూర్చున్నాడు. మారెక్క ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాడు మా తమ్ముడు. బస్సు కదిలిన కొంతసేపు బాగానే ఉన్నాడు. కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు.

"నిద్రపోయే కుండ గురప్ప చేతికి ఎట్ల..." అని మొదలుపెట్టాడు. మాట పూర్తి కాలేదు. దవడ బిగుసుకుంది. కుడి చెయ్యి ఎగిరి కిటికీ ఊచకు కొట్టుకుంది. తర్వాత ఒళ్ళంతా.

మారెక్క అరవలేదు. నా చేతిలోంచి చీర కొంగు లాక్కుని, మడిచి, అతని పళ్ళ మధ్య పెట్టింది. అతని మీద వాలిపోయి, తన బరువంతా వేసి పట్టుకుంది. డ్రైవరు ఎక్కడా ఆపకుండా ఆస్పత్రి గేటు దాకా పోనిచ్చాడు. దారిలో ఎల్లమ్మ పేరు నేను ఎంతగా పలికానంటే నాలుక ఎండి అంగిలికి అతుక్కుంది. మారెక్క మాత్రం ఏ దేవతనూ పిలవలేదు. పిలిచే హక్కు తనకు లేదనుకుందేమో.

లోపలికి తీసుకుపోయి మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. మధ్యాహ్నమంతా ఆ వసారాలో గడిచింది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మారెక్క లేచేది, వచ్చినవాళ్ళ మొహం చూసేది, కూర్చునేది. నేను తిడదామని చాలా మాటలు కూడబెట్టుకున్నాను. నోట్లోకి వచ్చినవి వచ్చినట్టే మింగేశాను. ఆమెను అప్పుడు తిట్టడమంటే బావిలో పడినవాళ్ళ మీద రాయి వేయడమే.

"వదినా, ఆయన పోతే ఊరోళ్ళు ఏమంటారో అని కాదు" అంది ఒకసారి. "ఆయన అడిగినదానికి నేను బదులియ్యకుండానే పోతాడేమో అని."

పొద్దు వాలుతుండగా డాక్టరు వచ్చి గండం గడిచిందన్నాడు. కడుపులో మిగిలింది తక్కువ కాబట్టి బతికాడన్నాడు. చూడనిచ్చారు. ఎర్రప్ప మంచం మీద చిక్కిపోయి పడి ఉన్నాడు, ఒక్క పూటలో పదేళ్ళు పెరిగినట్టు. కొరుక్కున్న పెదవి నల్లగా వాచింది.

"ఎవురన్నా తాగినారా?" అన్నాడు.

"ఎవురూ తాగలేదు మామా."

కళ్ళు మూసుకున్నాడు. నేను మారెక్క భుజం మీద చెయ్యి వేసి బయటికి పోదామన్నాను. ఆమె కదల్లేదు.

"కుండ నేనే ఇచ్చినా" అంది. "అడిగినాడు. నిద్రపోతాండాదని తెలిసే ఇచ్చినా. వదినకు కూడా చెప్పలేదు."

అతను కళ్ళు తెరవలేదు. నిద్రపోయాడనుకున్నాం.

"ఏమని అడిగినాడు?"

"చేన్లోకి నీళ్ళు మోసుకోవాలని."

ఎర్రప్ప కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూశాడు.

"ఈ యేడు నీళ్ళు యాడుండాయే, మోసుకునేదానికి?" అన్నాడు.

మారెక్క మంచం పక్కన నేల మీద కూర్చుని, అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, అది మళ్ళీ అదురుతుందేమోనని పట్టుకుని చూస్తూ ఉంది. చీకటి పడి, నర్సు వచ్చి లేవమన్నా వదల్లేదు.