వాల్వు మెల్లగా మూయమన్నారు

పంజగుట్టలో ఒక సందులో, కింది అంతస్తులో మా పైపుల టెస్టింగ్ ల్యాబ్ ఉండేది. నేను అందులో ఇంజినీరుని. పై రెండు అంతస్తుల్లో జావా నేర్పే కోచింగ్ సెంటరు. అమీర్‌పేటలో చోటు చాలక అది మా నెత్తి మీదికి వచ్చింది.

మా పని చప్పుడు లేకుండా జరిగేది కాదు. పైపులో నీళ్లు జోరుగా పోతుండగా వాల్వు ఠక్కున మూస్తే, ఆగిన నీళ్ల దెబ్బ వెనక్కి పరుగెత్తి పైపును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. ఆ దెబ్బకి ఏది ఎక్కడ చిట్లుతుందో చెప్పడమే మా బతుకుతెరువు. ఒకసారి పైన క్లాసంతా భూకంపమనుకుని రోడ్డు మీదికి దిగింది. ఫీజు కట్టినవాళ్లు కదా, నోట్సు మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రమే ఇంటి ఓనరు వచ్చాడు.

"ఏందమ్మా గీ లొల్లి? ఇంకొక్కసారి చప్పుడైతే రూము ఖాళీ చెయ్యుండ్రి."

"పైవాళ్లని చేయమనండి. మేం ముందొచ్చాం."

"ఆళ్లు రెండు అంతస్తులు తీస్కున్నరు. మీది ఒక్క రూము."

మర్నాడే ఒక రసాయనాల ఫ్యాక్టరీ మేనేజరు తమ కొత్త లైనుకి వేసే పైపు పట్టుకొచ్చాడు. మా బాసుది గుంటూరు. నన్ను పక్కకి పిలిచారు.

"అమ్మా, ఈసారికి వాల్వు మెల్లగా మూద్దాం. చప్పుడూ రాదు, పైపూ నిలబడుతుంది."

"మెల్లగా మూస్తే ఏ పైపైనా నిలబడుతుందండీ. అక్కడ కరెంటు పోతే వాల్వు దానంతటదే ఠక్కున పడుతుంది. మన ఓనరు పర్మిషన్ అడగదు."

"నీతో వాదించలేనమ్మా."

"అయితే వాదించకండి."

మేనేజరుని అడిగాను, ఆ పైపులో పోయేదేమిటని.

"యాసిడ్ మేడమ్."

"కింద?"

"వర్కర్లు టీ తాగే బెంచీ."

పైకి వెళ్లి, కాసేపట్లో పెద్ద చప్పుడొస్తుంది, ఎవరూ దిగొద్దని చెప్పాను.

"ఆపడానికి కుదరదా మేడమ్?" అన్నాడు పాఠం చెప్పేవాడు.

"మీ క్లాసు ఆపుతారా?"

కుదరదట.

వాల్వు ఠక్కున మూశాం. బిల్డింగ్ అదిరింది. పైపు పగల్లేదు. రెండు బిగింపులు ఊడాయి, వంపు దగ్గర వెల్డింగు చిట్లి నీళ్లు సన్నగా మేనేజరు చొక్కా మీద పడ్డాయి. ఆయన చాలాసేపు ఆ తడి వైపే చూసుకున్నాడు.

"ముందు ఆ బెంచీ తీయిస్తానండీ."

"పైపు కూడా మార్పించండి," అన్నాను.

మా ఓనరు మాట తప్పే మనిషి కాదు. ఆ నెలలోనే ఖాళీ చేయించాడు. గొడవ తెచ్చింది నేనే కాబట్టి కొత్త చోటు వెతికే పని బాసు నాకే అప్పగించారు. యూసుఫ్‌గూడలో ఒక రేకుల షెడ్డు దొరికింది. పైన ఏమీ లేదు, పక్కన ఫంక్షన్ హాలు. రెండిటికీ ఓనరు ఒకడే.

"పెండ్లిళ్లప్పుడు బ్యాండు మస్తు మోగుతదమ్మా. జర అడ్జస్ట్ చేస్కోవాలె," అన్నాడు.

"ఫరవాలేదండీ," అన్నాను. "మేమూ అప్పుడప్పుడు మోగుతాం."